ఏపాటి సాయిబు

పల్నాడులో ఒక సామ్రాజ్యాన్ని కనిపెట్టిన మనిషిని నేను. ఈ సంగతి మీరు ఏ పుస్తకంలోనూ చదివి ఉండరు. ముప్ఫయ్యేళ్ళు ఎర్ర బస్సులో టిక్కెట్లు కొట్టినవాడి పేరు చరిత్ర పుస్తకాల్లో వెయ్యరు గనక. గురజాల నుంచి మాచర్ల పోయే దారిలో, ఒక మట్టిదిబ్బ కింద, ఎప్పుడో ఇక్ష్వాకుల కాలంనాటి మహానగరం పడుకుని ఉందని అందరికన్నా ముందు పసిగట్టింది నేనే. దాని కోటగోడ ఎటు నుంచి ఎటు పోయిందో, రాజుగారి ఏనుగులు వాగులో ఏ రేవున నీళ్ళు తాగాయో కూడా చెప్పగలను. చెప్పాను కూడా. మా బస్సు ఎక్కినవాళ్ళలో ఆ ఏనుగుల సంగతి వినకుండా దిగినవాడు లేడు.

ఈ మాటని ఇంకో నాలుగు పేజీలు సాగదీసేవాణ్ణే. కానీ ఆ మధ్య నడికుడి స్టేషన్లో రైలు కోసం కూర్చుని ఉంటే, నాతో పనిచేసిన డ్రైవరొకాయన కనపడ్డాడు. కుశల ప్రశ్నలయ్యాక, "ఏపాటి సాయిబు పొయ్యాడంట గదా, తెలుసా?" అన్నాడు. తెలియదు. ఆ మాట విని రైలు ఎక్కకుండా అక్కడే కూర్చుండిపోయానని రాద్దామనుకున్నాను. ఎక్కాను. కాకపోతే దిగాల్సిన చోట దిగలేదు.

అప్పటి నుంచి ఏనుగుల సంగతి నోట రావడం లేదు. అందుకని ఉన్నది ఉన్నట్టు చెబుతాను. సామ్రాజ్యాన్ని కనిపెట్టింది నేను కాదు, ఆయన. ఏనుగులు మాత్రం నావే.

పాటిదిబ్బ అంటే మా వైపు అందరికీ తెలుసు, తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. పూర్వమెప్పుడో ఊరు ఉండి, పాడైపోయి, మన్ను కప్పేసిన చోటు. ఆ మన్ను బూడిద రంగులో ఉంటుంది, పిడికిట్లోకి తీసుకుంటే పిండిలా రాలుతుంది. ఎన్నో తరాల పొయ్యిల బూడిద, పశువుల పేడ, మనుషుల ఎంగిలి కలిసిన మన్ను గనక చేనుకి మహా బలం. మా రైతులు ఎండాకాలం బండ్లు కట్టుకుని పోయి, ఆ పాటిమన్ను తవ్వి తెచ్చి మిరప చేలల్లో చల్లుకునేవాళ్ళు. ఏ మహారాజు ఏలిన ఊరో, తట్ట తట్టగా మిరపకాయల్లోకి పోయి, గుంటూరు యార్డు మీదుగా ఎవరెవరి కూరల్లోనో కలిసిపోయింది. ఈ మాటలో మాత్రం నా పొడిగింపు లేదు.

ఏపాటి సాయిబు కుర్రతనంలో ఆ బండ్లకి మన్ను ఎత్తే కూలీ. ఒక ఎండాకాలం ఆయన పార ఇటుకకి తగిలింది. మూరెడు పొడుగు ఇటుక. దాన్ని బయటికి తీసి, దాని మీద కుక్క పాదం అచ్చు చూశాడట. పచ్చి ఇటుకలు ఆరబెట్టినప్పుడు ఏ కాలం కుక్కో తొక్కుకుంటూ పోయింది. "రాజుల బొమ్మలైతే నాకేం అనిపించకపోను. కుక్క, కండక్టరు గారూ. మా వీధిలో కుక్క లాంటి కుక్క" అనేవాడు. ఆ రోజు పార దించినవాడు మళ్ళీ ఆ దిబ్బ మీద పార ఎత్తలేదు. ఎవర్నీ ఎత్తనివ్వలేదు కూడా. దిబ్బ పక్కనే బస్సు స్టేజీ దగ్గర చిన్న పాక వేసుకుని సైకిళ్ళకి పంక్చర్లు అతికేవాడు. చేతులు ట్యూబు మీద, కళ్ళు దిబ్బ మీద.

నేను ఆయన్ని మొదట చూసింది మా బస్సు టైరు ఆ స్టేజీలో కూర్చున్న రోజు. డ్రైవరు జాకీతో కుస్తీ పడుతుంటే జనం దిగి పాక నీడన చేరారు. నేను కాళ్ళు నొప్పులని అక్కడున్న ఇటుక మీద కూర్చోబోయాను.

"లెగండి, అది రాజుగారిది" అన్నాడు.

"ఏ రాజు?"

"తెలిస్తే పేరు పెట్టి పిలవనా?"

ఆ ఇటుక మీద ఆయన మాత్రం రోజూ కూర్చునేవాడు. అదేందని అడిగితే, "రాజుగారు లేనప్పుడు ఎవరో ఒకరు చూసుకోవాల గదా" అన్నాడు.

ఆ రోజే నాకు దిబ్బ చూపించాడు. బండ్లవాళ్ళు ఏళ్ళ తరబడి తవ్వుకుపోయిన వైపు దిబ్బ గోడలా నిలువుగా తెగి ఉంది. ఆ గోడ మీద అడ్డంగా చారలు. ఆయన చేత్తో కొలిచి చూపించాడు. అన్నిటికన్నా అడుగున మూరెడు మందాన పెద్ద ఇటుకలు, ఒక వైపు ఎర్రగా ఒక వైపు నల్లగా ఉన్న కుండ పెంకులు. దాని మీద రెండు వేళ్ళ మందాన బూడిద. ఆ పైన జానెడు ఇంకెవరిదో. మళ్ళీ బూడిద. ఆ పైన బెత్తెడు, అందులో సోడా గోళీలు, పగిలిన సీసాలు. "ఇది తెల్లోళ్ళ టైం" అన్నాడు. అన్నిటికన్నా పైన గోరంత మందాన ఒక పొర ఉంది. అందులో క్యారీబ్యాగులు, గుట్కా పొట్లాలు. "ఇది మనం" అన్నాడు.

అడుగున ఉన్న మూరెడూ ఇక్ష్వాకులదని ఆయన నమ్మకం. దానికి ఆయన దగ్గరున్న సాక్ష్యం వాళ్ళ నాయన. సాగర్ నీళ్ళు నిలవకముందు, కొండ లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురిని తవ్వి తీస్తున్నప్పుడు ఆ నాయన అక్కడ తట్టలు మోశాడట. ఇటుక ఎంత ఉండేదో, పెంకు ఏ రంగో ఆయన నోటి నుంచి ఈయన చిన్నప్పుడే విన్నాడు. "మా నాయన తట్టల్తో పైకి తీసిన ఊరు నీళ్ళ కిందకి పొయ్యింది. ఆ నీళ్ళే కాలవలో పడి మన మిరపకి వస్తన్నయ్. ఇంక ఈ దిబ్బ గూడా చేలోకే పోతే, వాళ్ళు బతికారని చెప్పటానికి మిగిలేదేంది?" అనేవాడు.

ఏపాటి సాయిబు అని పేరు ఎందుకొచ్చిందంటే, ఎవరి గొప్ప ఆయన ముందు చెప్పినా బొటనవేలూ చూపుడువేలూ ఎదురెదురుగా పట్టి, మధ్యలో సందు చూపిస్తూ, "ఏపాటి మందం?" అని అడిగేవాడు. ఎన్నికల్లో గెలిచిన నాయకుడొకాయన ఊరేగింపుగా పోతూ స్టేజీలో ఆగి, "సాయిబూ, ఎట్టా ఉంది మన గెలుపు?" అంటే, ఆయనకీ అవే రెండు వేళ్ళు చూపించాడు. "ఇంకా పొర పడలేదు గదయ్యా, పడినాక చూసి చెప్తా" అన్నాడు. అనుచరులకి అర్థం కాక చప్పట్లు కొట్టారు.

కారెంపూడి పెద్దమనిషొకాయన ఒకసారి మా బస్సులో ఉన్నాడు. నేను ఆ స్టేజీలో రోజూ ఒక్క నిమిషం ఎక్కువ ఆపేవాణ్ణి గనక కిటికీలోంచి మాట కలిసింది.

"మన పల్నాటి యుద్ధం ఏపాటి మందం సాయిబూ?" అన్నాడు పెద్దమనిషి, మీసం సర్దుకుంటూ.

"చానా ఎతికా బావా. ఈ దిబ్బలో దాని గీత లేదు."

"అంటే జరగలేదంటావా?"

"జరక్కేం, జరిగింది. కొట్టుకుంటే గీత పడదు బావా. వండుకుని తింటే పడుద్ది."

ఆ పెద్దమనిషి మాచర్ల దాకా నాతో తగాదా వేసుకున్నాడు, అలాంటివాడి దగ్గర బస్సు ఎందుకు ఆపుతావని.

ఆడవాళ్ళు బస్సు దిగితే ఇంకో వేషం. దిబ్బలో దొరికిన శంఖు గాజు ముక్క ఒకటి చొక్కా జేబులో ఉండేది, నెలవంక లాంటిది. దాన్ని దూరం నుంచే వాళ్ళ చేతి గాజులతో పోల్చి, "ఈమెది నీ కన్నా సన్న చెయ్యి అక్కా" అనేవాడు. "ఎవరే ఆమె?" అని వాళ్ళు నవ్వుతూ తిట్టేవాళ్ళు. "ఈడే ఉండేది. ఇప్పుడు లేదు" అనేవాడు, నిన్ననే ఊరెళ్ళిన పక్కింటామె గురించి చెప్పినట్టు.

మన్ను కోసం వచ్చే ఆసాములతో మాత్రం నవ్వులాట లేదు. ఒకాయన ట్రాక్టరు తెచ్చి, "రెండు ట్రిప్పులు తోలుకుంటా, నీ అబ్బ సొమ్మా?" అన్నాడు.

"మా అబ్బది కాదు. నీ అబ్బది అసలే కాదు."

"మరి ఎవడిది?"

"అడిగి చెప్తా. ఆయన పోయి చానా కాలమైంది, కొంచెం టైం పట్టుద్ది."

మాటలతో ఆగకపోతే ట్రాక్టరు ముందు పడుకునేవాడు. అది ప్రభుత్వ భూమి గనక తహసీల్దారుకి అర్జీ పెడతానని బెదిరించేవాడు. ఊళ్ళో సగం మంది ఆయన దగ్గర పంక్చర్లు వేయించుకోవడం మానేశారు.

ఆ రోజుల్లో నేనే అన్నాను, పట్నంలో ఇలాంటివి చూసే ఆఫీసు ఉంది, నాలుగు వస్తువులు పంపుదామని. ఆయన రెండు పెంకులు, ఒక సీసపు నాణెం, మట్టి పూసలు పాత పాలపొడి డబ్బాలో పెట్టి, కదలకుండా పత్తి కుక్కి ఇచ్చాడు. సెలవు రోజున నేనే తీసుకుపోయాను. పెద్ద ఆఫీసరుతో గంటసేపు మాట్లాడానని, ఆయన లేచి కరచాలనం చేశాడని బస్సులో చెప్పాను. మాట్లాడింది గుమ్మం దగ్గర అటెండరుతో. డబ్బా టపాల కిటికీలో ఇచ్చి వచ్చేశాను.

కొన్ని నెలలకి సాయిబు పేర జవాబు వచ్చింది. ఆ పొద్దున స్టేజీలో ఉతికిన చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు, చేతిలో కవరు. "కండక్టరు గారూ, ఇది ఒకసారి చూడండి" అన్నాడు. ఆయనకి తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు. నాకూ ఏమంత రాదు. ఎనిమిది లైన్ల ఉత్తరంలో నాకు సగమే అర్థమైంది. ఆ సగమే చాలు. మీరు పంపినవి అందాయి, ఇలాంటివి ఈ ప్రాంతంలో విరివిగా దొరుకుతాయి, ప్రస్తుతం అక్కడ తవ్వకాల ఆలోచన లేదు, ధన్యవాదాలు.

నేను ఫుట్‌బోర్డు మీద ఉన్నాను. బస్సు నిండా జనం కిటికీల్లోంచి తలలు పెట్టి చూస్తున్నారు. వాళ్ళందరికీ ఆ సామ్రాజ్యం గురించి చెప్పినవాణ్ణి నేనే. కింద ఆయన మొహం ఎత్తి నిలబడ్డాడు. నేను ఉత్తరాన్ని చివర్నుంచి మొదలుపెట్టాను.

"నీకు ధన్యవాదాలు చెప్పారు సాయిబూ" అన్నాను. అది నిజమే.

"ఆహా" అన్నారు బస్సులో.

ఆ "ఆహా" నా కొంప ముంచింది. తర్వాత నా నోటికి పగ్గం లేదు. ఇది రాజధాని తర్వాత రాజధాని అంతటి ఊరని రాశారన్నాను. పెద్దవాళ్ళు వచ్చి తవ్వుతారట, చుట్టూ కంచె వేస్తారట, బోర్డు పెడతారట. "అప్పటిదాకా ఒక్క తట్ట మన్ను గూడా కదలకుండా చూసే భారం నీ మీద పెట్టారు" అని ముగించాను. జనం చప్పట్లు కొట్టారు. డ్రైవరు హారన్ కొట్టాడు, మెచ్చుకోలుకో తొందరకో తెలియదు.

సాయిబు నా వంక కాసేపు చూశాడు. ఉత్తరం తీసుకుని మడిచాడు.

"ఎనిమిది లైన్లలో ఇంత రాశారా?"

"ఇంగ్లీషు అంతే, పొట్టిగా ఉండుద్ది."

"మంచి భాష" అన్నాడు.

ఆ తర్వాత ఎనిమిదేళ్ళు కాపలా కాశాడు. వెనకటి కన్నా గట్టిగా. బస్సు ఆగినప్పుడల్లా, "ఏమన్నా తెలిసిందా?" అని అడిగేవాడు. ఎన్నికలయ్యాక వస్తారంట అనేవాణ్ణి. వానలు తగ్గాక అనేవాణ్ణి. ఆఫీసరు బదిలీ అయ్యాడు, కొత్తాయన కాయితాలు చూస్తున్నాడు అనేవాణ్ణి. "సరే, చూద్దాం" అనేవాడు. ఒకసారి ట్రాక్టరు ఆపబోతే తోసేశారు, కుడి మణికట్టు విరిగింది. అది సరిగ్గా అతుక్కోలేదు. టైరు రిమ్ములోకి ఎక్కించడానికి మోకాలు సాయం పట్టాల్సి వచ్చేది. నేను బత్తాయిలు పట్టుకుపోయి, "ఇంక ఎన్నో రోజులు లేవులే" అని చెప్పాను. సర్వీసు మొత్తంలో నా మాట పూర్తిగా నమ్మిన మనిషి ఆయనొక్కడే అని నాకు లోపల గర్వంగా కూడా ఉండేది. సిగ్గుగా ఉండేదని రాస్తే మీకు బాగుంటుంది గానీ, గర్వంగానే ఉండేది.

నా ఆఖరి ట్రిప్పు రోజున స్టేజీలో బంతిపూల దండ వేశాడు. ఇటుక మీద గుడ్డ పరిచి, "ఇయ్యాల మీరు కూర్చోండి" అన్నాడు. బస్సంతా చూస్తుండగా కూర్చున్నాను.

నెల తిరక్కుండా మాచర్లలో పెళ్ళికని అదే దారిన పోతున్నాను, ఈసారి టిక్కెట్టు కొనుక్కుని. దిబ్బ కనపడాల్సిన చోట మూడు ట్రాక్టర్లు కనపడ్డాయి. దిబ్బ సగం లేదు. పాక ముందు మంచం వేసుకుని సాయిబు కూర్చుని, చెయ్యి చూపిస్తూ, "ఆ మూల నుంచి ఎత్తండి, ఈడ గట్టిగా ఉంది" అని చెబుతున్నాడు. బస్సు ఆపించి దిగాను.

"ఏంది సాయిబూ ఇది?"

"మన్ను."

"ఎవరు తోలుకోమన్నారు?"

"నేనే."

"ఇన్నేళ్ళు కాసి, చెయ్యి విరగ్గొట్టుకుని, ఇప్పుడు నువ్వే ఎత్తిస్తన్నావా? రేపు ఆఫీసోళ్ళు వస్తే ఏం చూపిస్తావ్?"

ఆయన లేచి వచ్చి నా ముందు నిలబడ్డాడు. "ఇంకో ఉత్తరం ఏమన్నా వచ్చిందా, కండక్టరు గారూ?"

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి చోటు నాకు దేవుడు కూడా ఇవ్వలేడు. "రాబోతంది. మొన్ననే విన్నా" అన్నాను.

ఆయన తల ఊపి, వెనక్కి తిరిగి, "ఎత్తండయ్యా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ట్రాక్టర్లవాళ్ళూ ఆసాములూ వింటుండగా, నువ్వు నమ్మకద్రోహివన్నాను. నీ మాట నమ్మి ఊరూరా చెప్పుకున్నాను, నన్ను పది మందిలో అబద్ధాలకోరుని చేశావన్నాను. నేనే అన్నాను ఆ మాట, నా నోటితో. ఆయన "బస్సు పోతంది, ఎక్కండి" అన్నాడు.

మళ్ళీ మాట్లాడలేదు. ఆరేళ్ళు. ఆ దారిన పోవాల్సి వస్తే అవతలి వైపు సీట్లో కూర్చునేవాణ్ణి. రాజులు పోయారంటే శత్రువులు వచ్చి కొట్టారనుకోవచ్చు, నీళ్ళు ముంచాయనుకోవచ్చు. కాపలావాడే గేటు తీసి పట్టుకుంటే ఏమనుకోవాలి? నా ఏనుగుల్ని కూడా ట్రాక్టర్లో వేసి తోలేశాడని టీకొట్లల్లో చెప్పాను. ఒక సామ్రాజ్యాన్ని మిరప చేనుకి ఎరువు చేశాడన్నాను. వినేవాళ్ళు అయ్యో అనేవాళ్ళు. ఉత్తరం సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

నడికుడిలో ఆ కబురు విన్నాక, ఆయన పోయిన నలభయ్యో రోజు భోజనాలకి వాళ్ళింటికి పోయాను. స్టేజీలో దిగితే దిబ్బ ఉన్న చోటు చదునుగా ఉంది, మిరపకాయలు ఆరబోశారు. ఇంటి ముందు షామియానా, జనం భోజనాలు చేస్తున్నారు. నన్ను గుర్తుపట్టి కుర్చీ వేశారు. ఎర్ర బస్సు కండక్టరు గారు వచ్చారని నలుగురు దగ్గరికి చేరారు. మనుషులు చేరితే నేను ఊరుకోలేను.

మొత్తం చెప్పేశాను. ఉత్తరంలో ఏమీ లేదని, లేనిది చదివింది నేనేనని చెప్పాను. "ఆ అమాయకుడు నా మాట నమ్మాడు. నమ్మి ఎనిమిదేళ్ళు ఎదురుచూశాడు. ఎవరూ రాకపోయేసరికి గుండె పగిలి దిబ్బని వదిలేశాడు. ద్రోహి ఆయన కాదు, నేను. ఆయన్ని నిలువునా మోసం చేసింది నేను" అన్నాను. ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను, కాకపోతే కాస్త గట్టిగా ఏడ్చాను. ఎవరో ఒకరు భుజం తట్టి ఊరుకోబెడతారని చూస్తున్నాను.

నీళ్ళ జగ్గు పట్టుకుని వడ్డిస్తున్న ఒకామె నా ముందు ఆగింది. నలభైకి లోపు వయసు. ఆయన కూతురట, పిడుగురాళ్ళలో బడిపంతులమ్మ. అన్నేళ్ళు బస్సు ఆపి మాట్లాడినవాణ్ణి, ఆయనకి పిల్లలున్నారా అని ఒక్కసారి కూడా అడగలేదు.

"అయిపోయిందా, కండక్టరు గారూ?" అంది.

నేను తల ఊపాను.

"ఆ ఉత్తరం మీకన్నా ముందు నేను చదివా. ముందు రోజు సాయంత్రమే ఇంటికి వచ్చింది. నాకు ఇంగ్లీషు వచ్చు, ప్రతి లైనూ చెప్పా, తవ్వరంట నాయనా అని. ఇంక ఊరోళ్ళతో పోట్లాడలేను, మన్ను వాళ్ళకి ఇచ్చేద్దాం, ఒక్క మాట కండక్టరు గారికి చెప్పి వస్తా అని పొద్దున మీ కాడికి వచ్చాడు. మీరు బస్సు నిండా జనం ముందర ఏందేందో చదివారంట. ఇంటికొచ్చి, కండక్టరు గారు అంత మందిలో చెప్పేశాడమ్మా, ఇప్పుడు దిబ్బ పోతే ఆయన పరువు పోద్ది, ఆయన ఈ రూటులో ఉన్నన్నాళ్ళు కాద్దాం అన్నాడు. మీరు దిగిపొయ్యారు, మా నాయన గూడా మానేశాడు. మోసం చేశానని ఇంత పెద్ద మాట ఎందుకు మీకు? ఆ ఎనిమిదేళ్ళు కాసింది మిమ్మల్ని నమ్మి కాదు. మా నాయన మిమ్మల్ని ఒక్క రోజు గూడా నమ్మలా."